జ్వరానికి పేరు పెట్టేదెలా?

ఓ.పి.లో నా ఎదుట కూర్చున్న మనిషి చాలాసార్లు నోరు విప్పడు. సంచిలోంచి కాగితాల కట్ట తీసి నా ముందు పెడతాడు. "పరీక్షలన్నీ అయిపోయాయి డాక్టరుగారూ! ఇక మందు రాయడమే తరువాయి" అంటాడు. "జ్వరం ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగితే, "అందులో ఉంటుంది చూడండి" అంటాడు. ఈమధ్య కాగితాలు కూడా పోయాయి. సెల్‌ఫోను చేతికిచ్చి చూసుకోమంటున్నారు.

అందులో ఉండదండీ. జ్వరం ఏ రోజున మొదలైందో, వణుకుతో వచ్చిందో లేదో, తనంతట తానే చెమట పట్టి దిగిందో, మాత్ర వేస్తేగాని దిగలేదో, ఇవేవీ రక్తపరీక్ష కాగితం మీద ఉండవు. ఇవి తెలియకుండా చూస్తే ఆ కాగితం ఒక్కొక్కప్పుడు మనల్ని పక్కదారి పట్టిస్తుంది. నన్నూ పట్టించింది. ఆ సంగతి ముందు కొంత చెప్పి, మిగతాది తరువాత చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం ఒక చిన్న పట్నం ఆస్పత్రిలో పనిచేస్తున్న రోజుల్లో, దీపావళి వెళ్ళిన కొద్ది రోజులకు, ఒక దర్జీ వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. ఆరు రోజులుగా జ్వరం, భరించలేని తలనొప్పి. చేతిలో బయట చేయించుకున్న విడాల్ పరీక్ష రిపోర్టు. అందులో ఒక అంకె కింద ఎర్ర గీత గీసి, "పాజిటివ్" అని రాసి ఉంది. ఆ వేళ ఓ.పి.లో నూట ముప్ఫైమంది ఉన్నారు. రిపోర్టు చూశాను. నాలుక చూశాను. చొక్కా పైనుంచే కడుపు తడిమాను. టైఫాయిడ్ అనుకుని ఇంజెక్షన్లు రాసి, తరువాతి మనిషిని పిలిచాను. అతన్ని చొక్కా విప్పమనలేదు. "ఈమధ్య ఎక్కడికైనా వెళ్ళావా?" అని అడగలేదు.

మూడో రోజున అతన్ని ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు.

ఆ ప్రశ్నలన్నీ ఎందుకు?

"జ్వరానికి మందు ఇమ్మంటే ఈయన ఊళ్ళూ పేళ్ళూ అడుగుతున్నాడేమిటి?" అని కొందరు విసుక్కుంటారు. జ్వరం ఒక జబ్బు కాదు. ఇంట్లో ఏదో కాలుతోందని చెప్పే పొగలాంటిది. ఏది కాలుతోందో కనుక్కోవాలంటే ముందు వాసన పట్టాలి. డాక్టరు ప్రశ్నలు ఆ పని చేస్తాయి.

రోజు విడిచి రోజు, పళ్ళు టకటక కొట్టుకునేంత చలితో వచ్చి, చెమట పోసి దిగిపోయే జ్వరమైతే మలేరియా తలపుకు వస్తుంది. అందరికీ అంత క్రమంగా రాదు, అది వేరే మాట. సాయంత్రం పూట సన్నగా కాగి, రాత్రి చెమటలు పట్టి, రెండు వారాలు దాటిన దగ్గు, తగ్గిపోతున్న బరువు ఉంటే క్షయ పరీక్ష చేయించాల్సిందే. కళ్ళ వెనుక నొప్పి, ఒళ్ళంతా విరగ్గొట్టినట్టు పోట్లు ఉంటే డెంగీ. వణుకుతో జ్వరం, నడుము పక్కన నొప్పి, మూత్రంలో మంట ఉంటే మూత్రపిండాల వైపు చూస్తాం. వరిమడిలోనో మురికినీళ్ళలోనో దిగి పనిచేసిన మనిషికి పిక్కలు పట్టేసి, కళ్ళు ఎర్రబడి, పచ్చకామెర్లు కనిపిస్తే ఎలుకల మూత్రంతో వ్యాపించే లెప్టోస్పైరా జ్వరాన్ని అనుమానిస్తాం. విశాఖ మన్యం వైపు పెళ్ళికి వెళ్ళి వచ్చానని చెప్పే వ్యాపారికీ, నెల రోజులుగా షాపు దాటని వ్యాపారికీ ఒకే వేడి ఉన్నా ఒకే పరీక్ష రాయం.

1975లో బ్రిటన్‌లో కొందరు వైద్యులు ఈ విషయాన్నే లెక్క కట్టి చూశారు. ఆస్పత్రికి కొత్తగా వచ్చిన 80 మంది రోగుల్లో 66 మందికి, వాళ్ళ డాక్టరు రాసిచ్చిన ఉత్తరం చదివి, వాళ్ళు చెప్పింది వినేసరికే సరైన రోగనిర్ధారణ జరిగింది. ఒంటిని పరీక్షించడం వల్ల అభిప్రాయం మారింది ఏడుగురి విషయంలో. లాబరేటరీ పరీక్షల వల్ల మారింది ఇంకో ఏడుగురి విషయంలో. ఆ తరువాత ఎన్నో కొత్త యంత్రాలు వచ్చిన మాట నిజమే. కాని రోగి చెప్పే కథకు బదులు పనిచేసే యంత్రం నా సర్వీసులో నేనింకా చూడలేదు.

కాబట్టి డాక్టరు దగ్గరకు వచ్చేముందు ఇంట్లో ఒక పని చేయండి. పిల్లల నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి, జ్వరం మొదలైన తేదీ, పూటపూటకూ థర్మామీటరు చూపిన డిగ్రీలు, వేసిన మాత్రల పేర్లు రాయండి. మందులషాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలు కూడా దాచకుండా రాయండి. డాక్టరు కోప్పడతాడని చాలామంది దాస్తారు. కోప్పడితే కోప్పడనీయండి. అది తెలియకపోతే పరీక్ష ఫలితమే తారుమారవుతుంది. ఎలాగో ముందు చెబుతాను.

చేతికి తెలిసేది

కథ విన్న తరువాత చేతులతో పని. నాడి చూడటం నిమిషానికి ఎన్ని కొట్టుకుంటున్నదో లెక్కపెట్టడానికే కాదు. మామూలుగా వేడి ఒక్క డిగ్రీ ఫారెన్‌హీట్ పెరిగితే నాడి సుమారు పది పెరుగుతుంది. ఒళ్ళు 103 కాగిపోతూ ఉంటే కూడా నాడి అంతగా పరుగెత్తకపోతే టైఫాయిడ్ వంటి కొన్ని జ్వరాలను తలుచుకుంటాం. కింది రెప్ప లాగి చూసేది రక్తం తగ్గిందేమోనని. తెల్లగుడ్డు చూసేది కామెర్ల కోసం. గడ్డం ఛాతీకి ఆనించమంటే మెడ బిగుసుకుపోయి వంగడం లేదంటే అది మెదడు పొరల వాపు కావచ్చు. ఆ రోగిని ఇక ఇంటికి పంపకూడదు.

కడుపు ఎడమ పక్కన, పక్కటెముకల కింద వేళ్ళు పెట్టి, "గట్టిగా ఊపిరి పీల్చు" అంటాం చూడండి, అది ప్లీహం కోసం. మన పెద్దవాళ్ళు "కడుపులో బల్ల పెరిగింది" అనేవారే, ఆ బల్ల ఇదే. మామూలుగా చేతికి తగలదు. మలేరియాలోను, టైఫాయిడ్‌లోను, ఇంకా కొన్ని జబ్బుల్లోను పెరిగి, ఊపిరి పీల్చినప్పుడు వేళ్ళకు వచ్చి తగులుతుంది.

ఛాతీ మీద వేళ్ళతో టకటకమని తట్టి చూసే పద్ధతిని వియన్నాలో అవెన్‌బ్రుగర్ అనే వైద్యుడు 1761లో ప్రకటించాడు. ఆయన తండ్రికి పూటకూళ్ళ సత్రం ఉండేదట. పీపాలో సారాయి ఎంతవరకు ఉందో పైన తట్టి తెలుసుకునేవాళ్ళు. మనిషి ఛాతీలో నీరు చేరితే కూడా అక్కడ శబ్దం మొద్దుగానే వస్తుంది. నీళ్ళ బిందె మీద వేలితో కొట్టి చూస్తే మీకే అర్థమవుతుంది. స్టెతస్కోపు వచ్చింది ఆ తరువాత చాలా ఏళ్ళకు, 1816లో. లెనెక్ అనే ఫ్రెంచి డాక్టరు కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి గుండె మీద పెట్టి విన్నాడు. ఈ రెండు పనులకూ నేటికీ కరెంటు అక్కర్లేదు.

ఇక చర్మం. ఇది అన్నిటికంటె సులభమైన పరీక్ష. అన్నిటికంటె ఎక్కువగా వదిలేసేదీ ఇదే. ఓ.పి.లో జనం, ఎదురుగా లైను, తలుపు సరిగా మూతపడని గది. మగవాళ్ళే చొక్కా విప్పడానికి మొహమాటపడతారు. ఆడవాళ్ళ మాట చెప్పనక్కర్లేదు. డాక్టరు అడగడు, వాళ్ళు చూపరు. అమ్మా, మీకు సిగ్గుగా ఉంటే సిస్టరును పక్కన ఉంచమని అడగండి. అది మీ హక్కు. లేదా ఇంట్లోనే మీ అమ్మగారినో అక్కచెల్లెళ్ళనో చూడమనండి. చంకలు, గజ్జలు, రొమ్ముల కింద మడత, చెవుల వెనుక, తల వెంట్రుకల్లో, నడుము చుట్టూ ఎర్ర దద్దురుగాని, నల్ల మచ్చగాని, బిళ్ళ కట్టడంగాని ఉన్నాయేమో చూసి డాక్టరుకు చెప్పండి.

ఏ రోజుకు ఏ పరీక్ష?

పరీక్షలు దండగ అని నేనంటున్నాననుకోకండి. సరైన రోజున, సరైన అనుమానంతో చేస్తే వాటిని మించిన సాక్ష్యం లేదు. మలేరియా సంగతి చూడండి. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ మొదటిసారి చూసింది మన సికిందరాబాదులోనే, 1897 ఆగస్టు 20న. ఈనాటికీ వేలి కొస గుచ్చి, గాజు పలక మీద రక్తాన్ని పూతలా పూసి, మైక్రోస్కోపు కింద క్రిమిని కళ్ళారా చూడటమే ఆ జబ్బుకు గట్టి రుజువు. చిక్కటి పూత క్రిమి ఉన్నదో లేదో చెబుతుంది. పలచటి పూత ఏ జాతిదో చెబుతుంది. ఒకసారి కనబడనంత మాత్రాన లేదని కాదు. అనుమానం ఉంటే మర్నాడు మళ్ళీ చూడాలి. పావుగంటలో గీత చూపించే పట్టీ పరీక్షలు మంచివే. కాని వాటిలో కొన్ని, జబ్బు తగ్గిపోయిన తరువాత కూడా కొన్ని వారాలపాటు పాజిటివ్ చూపిస్తాయి. పోయిన నెల మలేరియా వచ్చిందని మీరు చెప్పకపోతే ఈ నెల జలుబు జ్వరానికి మలేరియా మందు పడుతుంది.

డెంగీకి మొదటి ఐదు రోజుల్లో చేయాల్సింది ఎన్.ఎస్.1 పరీక్ష. అది వైరస్‌లోని పదార్థాన్నే పట్టుకుంటుంది. ఐదు రోజులు దాటాక ఐజీఎం పరీక్ష. అది వైరస్ మీద మన శరీరం తయారుచేసుకున్న ఆయుధాలను పట్టుకుంటుంది. రెండో రోజున ఐజీఎం చేయించి, "లేదట" అని నిశ్చింతగా ఉంటే మోసపోతాం. అందుకే జ్వరం మొదలైన తేదీ అంతగా అడుగుతాం. ప్లేట్‌లెట్ల అంకె చూసి ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోవడం మరో ముచ్చట. రక్తస్రావం లేని మనిషికి ఆ అంకె పదివేల దిగువకు పడితే తప్ప సాధారణంగా ప్లేట్‌లెట్లు ఎక్కించనక్కర్లేదు. మేము అంతకంటె జాగ్రత్తగా చూసేది రక్తం చిక్కబడుతోందా, బి.పి. పడిపోతోందా అన్నది.

ఇప్పుడు టైఫాయిడ్. ఫెర్నాండ్ విడాల్ పారిస్‌లో ఆ పరీక్షను ప్రకటించింది 1896లో. ఆనాటికి అది గొప్ప విషయమే. టైఫాయిడ్ క్రిములను రక్తపు సీరంతో కలిపితే గుంపుగా గడ్డకడతాయి. సీరాన్ని ఎంత పలచన చేసినా గడ్డకడుతున్నాయో చూసి 1:80, 1:160 అని రాస్తారు. చిక్కేమిటంటే, ఆ శక్తి రక్తంలోకి రావడానికి వారం రోజులు పడుతుంది. వచ్చాక జబ్బు పోయినా చాలాకాలం ఉంటుంది. టైఫాయిడ్ టీకా వేయించుకున్నా రావచ్చు. మలేరియా వంటి వేరే జబ్బుల్లో కూడా అబద్ధంగా పైకి లేవచ్చు. మన నీళ్ళు, మన హోటళ్ళు తెలిసినవే కదా! ఆరోగ్యంగా తిరుగుతున్న వాళ్ళను వరసగా నిలబెట్టి విడాల్ చేస్తే కొందరికి ఎంతో కొంత అంకె వస్తుంది. వారం పది రోజుల తేడాతో రెండుసార్లు చేసి, అంకె నాలుగు రెట్లు పెరిగిందని చూపిస్తే దానికి విలువ. ఒక్కసారి చేసిన విడాల్ మీద మందు మొదలుపెట్టడం మన ఊళ్ళలో అలవాటైపోయింది. నేనూ అందులో ఉన్నవాణ్ణే.

సరైన రుజువు కావాలంటే రక్తాన్ని కల్చరుకు పంపాలి. సీసాలో క్రిములను పెంచి చూసే పద్ధతి ఇది. మొదటి వారంలో ఎక్కువగా దొరుకుతాయి. ఏ మందుకు చస్తాయో కూడా తెలుస్తుంది. ఒకప్పుడు టైఫాయిడ్‌కు ధారాళంగా వాడిన సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందులకు మన దేశంలో ఇప్పుడు ఆ క్రిమి చాలావరకు లొంగడం లేదు గనుక ఇది ముఖ్యం. అయితే కల్చరు నూటికి నూరు పాళ్ళు పట్టేదేమీ కాదు. నిజంగా టైఫాయిడ్ ఉన్నవాళ్ళలో కూడా సుమారు సగంమందికే పాజిటివ్ వస్తుంది. రక్తం తీయకముందే రెండు యాంటిబయోటిక్ మాత్రలు వేసుకుని వస్తే ఆ సగం కూడా తగ్గిపోతుంది. మందులషాపు మాత్రల సంగతి దాచవద్దన్నది ఇందుకే.

దర్జీ మొలతాడు కింద

ఆటోలో వచ్చిన దర్జీ మగతగా ఉన్నాడు. పిలిస్తే కళ్ళు తెరుస్తున్నాడు గాని మాట ముద్దగా వస్తోంది. ఊపిరి నిమిషానికి ముప్ఫై దాటింది. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల్లోను మచ్చలు. టైఫాయిడ్‌కు మందు మొదలుపెట్టాక కూడా జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు పట్టడం మామూలే. అందుకని జ్వరం దిగలేదంటే ఆశ్చర్యపోను. కాని మనిషి ఇలా మునిగిపోవడం నాకు నచ్చలేదు. వార్డులో చేర్చి ఆక్సిజన్ పెట్టించాను.

రాత్రి తొమ్మిది గంటలకు డ్యూటీ సిస్టరు వేడి దించడానికి తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తూ, మొలతాడు కొంచెం పైకి జరిపి నన్ను పిలిచింది. "సార్, ఇదేమిటో చూడండి."

కుడి గజ్జకు కాస్త పైన, సరిగ్గా మొలతాడు ఒరిసే చోట, చిటికెన వేలి గోరంత నల్లటి పక్కు. చుట్టూ సన్నటి ఎర్ర అంచు. సిగరెట్టు కాల్చి ఆర్పినట్టుంది. నొప్పి లేదు, దురద లేదు. అతనికే తెలియదు. దాని పక్కన గజ్జల్లో బిళ్ళ కట్టి ఉంది.

అది స్క్రబ్ టైఫస్. పేరులో టైఫస్ ఉన్నా టైఫాయిడ్‌కూ దీనికీ సంబంధం లేదు. పొదల్లో, గడ్డిలో, ఎలుకలు తిరిగే పొలం గట్ల మీద కంటికి ఆనీ ఆనని చిగ్గరు పురుగు పిల్లలుంటాయి. అవి మనిషి ఒంటిమీదికి ఎక్కి మెత్తటి చోటు వెతుక్కుని కుడతాయి. కుట్టినట్టు కూడా తెలియదు. వారం పది రోజుల తరువాత, ఒక్కోసారి మూడు వారాలకు, జ్వరం మొదలవుతుంది. ఆ క్రిమి రక్తనాళాల లోపలి గోడలను పట్టుకుని ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దాకా పోతుంది. నేను రాసిన టైఫాయిడ్ ఇంజెక్షను దీనిమీద పనిచేయదు. పనిచేసేది డాక్సీసైక్లిన్ అనే పాతకాలపు చవక మందు.

అప్పుడు అతని భార్యను పిలిచి అడిగాను, మొదటి రోజే అడగాల్సిన మాట. "ఏమ్మా, జ్వరానికి ముందు మీ ఆయన ఎక్కడికైనా వెళ్ళాడా?"

"ఎక్కడికీ లేదండీ. మా పుట్టింటికి నాలుగు రోజులు వెళ్ళామంతే. మా నాన్నకు చేను మీద మనుషులు దొరక్క, ఈయనే వేరుశనగ పీకించి, రాత్రిళ్ళు కాయ కాపలాకు అక్కడే గడ్డి మీద పడుకున్నాడు."

లెక్క వేస్తే జ్వరానికి పది పన్నెండు రోజుల ముందు. మిషను మీద కూర్చుని బతికే మనిషికి పొలం జ్వరం వస్తుందని నేను అనుకోలేదు. అతనూ చెప్పలేదు. అడగనిదే ఎవరు చెబుతారు?

ఆ రాత్రే మందు మొదలుపెట్టాం. రక్తాన్ని ఎలైసా పరీక్షకు జిల్లా కేంద్రానికి పంపాం గాని దానికోసం ఆగలేదు. రెండు రోజుల్లో జ్వరం దిగింది. మూడోనాటికి లేచి కూర్చుని ఇడ్లీ అడిగాడు. రిపోర్టు పాజిటివ్ అని వచ్చేసరికి అతను వార్డులో అటూ ఇటూ నడుస్తున్నాడు. ఇంటికి వెళ్ళేనాడు ఉన్నమాట చెప్పాను, మొదటిరోజు నేను సరిగా చూడలేదని. అతను కాసేపు ఊరుకుని, "ఆ రోజు లైను పెద్దదిగా ఉంది కదా సార్" అన్నాడు. ఆ మాటకు నేనేమీ అనలేకపోయాను.

ఈ జబ్బు వచ్చిన అందరికీ నల్ల పక్కు ఉండదు. మన చామనఛాయ ఒంటిమీద ఉన్నా వెంటనే కనబడదు. కాని వెతికితే కొందరిలో దొరుకుతుంది. దొరికితే ఏ లాబరేటరీ రిపోర్టుకోసమూ ఆగనక్కర్లేదు.

ప్యాకేజీ పరీక్షలు

"అన్నీ ఒకేసారి చేయించుకుంటే ఏదో ఒకటి దొరుకుతుంది కదా" అని అడిగేవాళ్ళకు ఒక చిన్న లెక్క. చాలా పరీక్షల్లో "మామూలు" హద్దులను, ఆరోగ్యవంతుల్లో నూటికి 95 మంది లోపల ఉండేలా గీస్తారు. అంటే ఏ జబ్బూ లేని ఐదుగురు ప్రతి పరీక్షలోనూ బయట పడతారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పరీక్షలు చేస్తే, జబ్బు లేని నూరుమందిలో సుమారు 64 మందికి ఏదో ఒక అంకె కింద నల్లటి గీత పడుతుంది. ఆ గీత కోసం మళ్ళీ పరీక్షలు, స్కానింగులు, నిద్ర లేని రాత్రులు. బి.పి., షుగరు వంటివి వయసునుబట్టి చూపించుకోవడం మంచిదే. నేను చెప్పేది, ఏ అనుమానమూ లేకుండా వల విసరడం గురించి.

మీ డాక్టరు ఏదైనా పరీక్ష రాస్తే, "ఇది దేనికోసమండీ?" అని మర్యాదగా అడగండి. "ఫలానా జబ్బు అవునా కాదా తేల్చడానికి" అని ఆయన చెప్పగలిగితే చేయించండి. పాత రిపోర్టులు పారేయకండి. క్షయకు తెమడ పరీక్ష, మలేరియా పరీక్ష ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం.

చివరగా, రిపోర్టుల కోసం ఆగకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. జ్వరంతో మగత, తికమక మాటలు, ఫిట్సు, మెడ బిగుసుకోవడం, ఆయాసం, ఆగని వాంతులు, విడవని కడుపునొప్పి, చిగుళ్ళనుంచిగాని మలంలోగాని రక్తం, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం. ఇందులో ఏ ఒక్కటి కనిపించినా, రాత్రయినా సరే, ఆస్పత్రికి బయలుదేరండి. డెంగీలో జ్వరం దిగిన రోజునే ఈ ప్రమాదం ఎక్కువ. "వేడి తగ్గింది, రేపు వెళదాం" అనుకోవద్దు. వేడికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, బ్రూఫెన్ వంటివి ఇవ్వకండి. బయలుదేరేముందు ఆ నోటుపుస్తకం కాగితం సంచిలో పెట్టుకోండి. డాక్టరు చొక్కా విప్పమనకపోతే మీరే విప్పి చూపించండి.